కిత్ఫో ఇంట్లో చేయాలనుంది, పచ్చి మాంసం ఎంతవరకు సేఫ్?

వొల్కిటే మాస్టారు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లు ఇథియోపియాలో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పి వచ్చాను. మన వైపు నుంచి అక్కడికి వెళ్లిన లెక్చరర్లు చాలామందే ఉన్నారు కాబట్టి కిత్ఫో పేరు కొందరికైనా తెలిసి ఉంటుంది.

నేనున్న వొల్కిటే, గురాగే అనే జాతివాళ్ల ఊరు. కిత్ఫో అసలు వాళ్ల వంటే. కొవ్వూ పొరలూ తీసేసిన ఎర్రటి గొడ్డుమాంసాన్ని చెక్క మీద పెట్టి, కత్తితో కొడుతూనే ఉంటారు. మా ఇంటి ఓనరమ్మ కొడుతుంటే ఆ చప్పుడు మేడ మీద నా గదిలోకి వినిపించేది. మాంసం ముద్దలా అయ్యాక గోరువెచ్చని మసాలా నెయ్యి పోసి, మిట్‌మిటా కారం కలుపుతారు. ఆ కారంలో చిన్న సూదుల్లాంటి ఎండుమిరప, కోరరిమా అనే వాళ్ల యాలక, ఉప్పు ఉంటాయి. పక్కన ఆయిబ్ అని, విరిగిన పాలు గుడ్డలో కట్టి పిండినట్టు తెల్లటి జున్ను, ఇంకోపక్క గోమెన్ అనే ఆకుకూర. అచ్చం అరటిచెట్టులా ఉండే ఎన్సెట్ చెట్టు దుంపను, కాండాన్ని పులియబెట్టి చేసిన కోచో రొట్టెతో తింటారు. పళ్లెంలో ఆ చెట్టు ఆకే పరుస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ ఊళ్లో బంతి భోజనం గుర్తొచ్చింది.

అదంతా పచ్చిగానే. పచ్చిది తిరె, కొంచెం వేడి చూపించినది లెబ్‌లెబ్, పూర్తిగా ఉడికినది యెబెసెలె. నేను మొదటి ఏడాది యెబెసెలె మాత్రమే తిన్నాను. రెండో ఏడాది మెస్కెల్ పండుగ రోజు ఓనరమ్మ తన చేత్తో ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. దాన్ని గుర్షా అంటారు, కాదనడం మర్యాద కాదు. అది తిరె. ఆ వెన్నలాంటి మెత్తదనం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈ సెప్టెంబర్ 27న మెస్కెల్. ఆ రోజు మా ఇంట్లో కిత్ఫో చేయాలని ఉంది. పెద్దకూర మా ఇంట్లో కొత్తేం కాదు, అందరూ తింటారు. అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. అమ్మాయికి ఐదో నెల. మా అమ్మకి డెబ్బై ఎనిమిది. అందుకే టెన్షన్. నా ప్రశ్నలు ఇవి: మన బజారులో దొరికే మాంసం పచ్చిగా వాడొచ్చా? ముందు ఫ్రీజర్‌లో పెడితే సరిపోతుందా? ఏ భాగం అడగాలి? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, నొచ్చుకోను.

గరివిడి డాక్టరు (విజయనగరం):

మాస్టారూ, నేను గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను. మీరు ఉన్నదున్నట్టు అడిగారు కాబట్టి ముందు జవాబు చెప్పేస్తాను: మన బజారు మాంసంతో పచ్చి కిత్ఫో వద్దు. మీ అమ్మాయికైతే అసలు వద్దు.

కారణం చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న గొడ్డు కండ లోపలిభాగంలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. ఉండేవి పైన. తోలు తీసేటప్పుడు, పేగులు తీసేటప్పుడు, అదే కత్తి, అదే నీళ్లు, అదే చెయ్యి తగిలి అంటుకుంటాయి. కొట్టకుండా పెద్ద ముక్కగానే ఉంచి పైన కాలిస్తే అవి పోతాయి. మీరు దాన్ని కొట్టి ముద్ద చేయగానే పైనున్నదంతా లోపలికి కలిసిపోతుంది. కిత్ఫోలో ఉన్న ప్రమాదం అంతా అక్కడే ఉంది. ఈకోలైలో విషం పుట్టించే రకాలు ఉన్నాయి, సాల్మొనెల్లా ఉంది. చిన్నపిల్లల్లో ఆ ఈకోలై విషం కిడ్నీల్ని కూడా దెబ్బతీయొచ్చు.

విదేశాల్లో మంచి హోటళ్లు ఒక పద్ధతి పాటిస్తాయి. పెద్ద ముక్క నలువైపులా బాగా కాల్చి, ఆ కాలిన పొరని శుభ్రమైన కత్తితో చెక్కేసి, లోపలి ఎర్రటి భాగాన్ని వేరే పీట మీద తరుగుతారు. ఆ పద్ధతికి కోసిన దగ్గర్నుంచి చల్లగా వచ్చిన మాంసం కావాలి. మన దగ్గర తెల్లవారుజామున కోసి, కొక్కేనికి వేలాడదీసి, తొమ్మిదింటికి అమ్ముతారు. ఎండ 32 డిగ్రీలు దాటిందంటే మాంసం బయట గంటకు మించి ఉండకూడదు. మీరే లెక్క వేసుకోండి.

ఇక పురుగులు. పచ్చి గొడ్డుమాంసం వల్ల వచ్చేది బద్దెపురుగు. కండలో తెల్లటి చిన్న తిత్తిలా ఉంటుంది, అన్నీ కంటికి కనపడవు. మీరున్న దేశంలో దానికి కోసో చెట్టు పూలు తాగేవారని మీకు తెలిసే ఉంటుంది. దీనికి మాత్రం ఫ్రీజర్ పనిచేస్తుంది: మైనస్ 10 డిగ్రీలు గానీ అంతకన్నా చల్లగా గానీ కనీసం పది రోజులు. కానీ ఫ్రీజర్‌లో ఈకోలై, సాల్మొనెల్లా చావవు, నిద్రపోతాయంతే. కరెంటు పోయి వస్తూ ఉంటే పురుగు సంగతి కూడా చెప్పలేం. అమ్మాయి విషయంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఇంకోటి ఉంది, కడుపులో బిడ్డకి చేటు.

ఇంకోమాట. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవుని కోయకూడదు. మీకు దొరికేది ఎక్కువగా గేదె, దున్నపోతు మాంసమే. తనిఖీ ముద్ర ఉన్న చోటే కొనండి. చచ్చిన గొడ్డుని కోసి పంచుకున్నందువల్ల మన పక్క ఏజెన్సీలో దొమ్మరోగం (ఆంత్రాక్స్) మనుషులకి అంటిన సందర్భాలు ఉన్నాయి. ఎవరో చవగ్గా ఇస్తున్నారని మాత్రం తీసుకోకండి.

కళింగ కుర్రాడు (ఆమదాలవలస):

మాస్టారూ, నిమ్మరసం పిండి అరగంట ఉంచితే పులుపుకి అన్నీ చస్తాయి కదా? చేపకి అలా చేస్తారని ఒక వీడియోలో చూశాను. పైగా అంత కారం వేస్తున్నారు.

గరివిడి డాక్టరు:

తమ్ముడూ, నిమ్మరసం మాంసం రంగు మారుస్తుంది, ఉడికినట్టు కనిపిస్తుంది. లోపలున్నవి చావవు. కారం కూడా అంతే, మన నోరు మండుతుంది గానీ ఈకోలైకి ఏమీ కాదు. సారా కూడా ఆ పని చేయదు. ఎవరైనా ఆ మాట చెప్పకముందే నేనే చెప్పేస్తున్నా.

రాజాం వదిన (రాజాం):

అన్నయ్యగారూ, డాక్టరుగారు వద్దన్నది వద్దే. నేను వంట వైపు నుంచి చెబుతాను.

మా తమ్ముడు ఒకసారి కొట్లో మిషన్లో ఆడించిన కీమా తెచ్చాడు. ఆ మిషన్ పొద్దున్నుంచి కడగలేదని తర్వాత తెలిసింది. మేం ఉడికించే తిన్నాం గానీ లోపల కొంచెం ఎర్రగా ఉండిపోయింది. నలుగురం మూడు రోజులు ఓఆర్‌ఎస్ తాగుతూ పడుకున్నాం. అప్పటి నుంచి కీమా నేను ఇంట్లోనే కొట్టుకుంటాను. మీ వంటకి కూడా అదే కావాలి కాబట్టి కష్టం లేదు.

వెనక తొడ కండ ముక్కగా అడగండి, ముక్కలు చేయించొద్దు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లగా ఉంటే పొర తీయడం సులువు, కత్తికి అంటదు. పీట, కత్తి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఆకుకూర ముట్టుకోండి. మెత్తగా కొట్టాక అడుగు మందంగా ఉన్న గిన్నెలో మసాలా నెయ్యి వేసి, సన్న సెగ మీద మాంసం వేసి చెక్క గరిటెతో ఆపకుండా కలపండి. మంట పెంచితే నీరు ఊరి ఉండలు కడుతుంది, అప్పుడది మామూలు కీమా వేపుడు అయిపోతుంది. సూది థర్మామీటరు ఒకటి కొనండి. మాంసాన్నంతా గిన్నె మధ్యకి గుట్టగా తోసి, గుట్ట నడుమ గుచ్చి చూడండి. 71 డిగ్రీలు రాగానే దించేయండి, ఒక్క నిమిషం కూడా ఎక్కువ వద్దు. మిట్‌మిటా దించాకే వేయండి, వాసన నిలుస్తుంది. మెత్తదనం సగం కొట్టడంలో, సగం నెయ్యిలో ఉంటుందని నా నమ్మకం.

అవునుగానీ, ఆ మసాలా నెయ్యి ఎలా కాస్తారో చెప్పరూ?

వొల్కిటే మాస్టారు:

వదినగారూ, డాక్టరుగారూ, మీ ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న చేశాం. వివరంగా రాస్తాను.

నెయ్యి ముందు. వెన్న కాచేటప్పుడే కోరరిమా, ఉల్లి, అల్లం, వెల్లుల్లి, మెంతి, పసుపు, వాళ్ల కొసెరెట్ ఆకు వేసి సన్న సెగ మీద ఉంచి వడకడతారు. కోరరిమా నేను తెచ్చుకున్నది కొంచెం మిగిలి ఉంది. కొసెరెట్ లేదు, బెసోబెలా అనే వాళ్ల తులసికి బదులు మా పెరట్లో తులసి నాలుగు ఆకులు వేశాను. గోమెన్‌కి తోటకూర. కోచో దొరకదు కాబట్టి చోడిపిండి రెండు రోజులు పులియబెట్టి అట్లు పోశాం. ఇంజెరా అనే వాళ్ల పులిసిన అట్టులో ఉండే పులుపు చాలావరకు వచ్చింది.

మాంసం నేనే కొట్టాను. ముప్పావు గంట పట్టింది. వొల్కిటేలో విన్న చప్పుడు మా వంటింట్లో వినపడుతుంటే నాకు గొంతు పట్టేసింది. గుట్ట చేసి థర్మామీటరు గుచ్చితే మొదట 58 చూపించింది. రంగు మాత్రం అప్పటికే మారిపోయింది. కంటి చూపుని నమ్మి దించేసేవాణ్ణి. ఇంకో మూడు నిమిషాలు కలిపాక 71 దాటింది.

అది తిరె కాదు. ఆ జారిపోయే మెత్తదనం రాలేదు, రాదు కూడా. కానీ నెయ్యి, మిట్‌మిటా, పిండిన విరుగుడు కలిసిన రుచి అదే.

సాయంత్రం ఓనరమ్మకి వీడియో కాల్ చేశాను. అరిటాకు చూసి చాలా సంతోషపడింది. తర్వాత మాంసం గోధుమరంగులో ఎందుకుందని అడిగింది. ఫోన్ అమ్మాయి వైపు తిప్పి కడుపు చూపించాను. వెంటనే అర్థమైంది. యెబెసెలె, యెబెసెలె అని రెండుసార్లు తలూపింది. ఆ తర్వాత ఎవరికి గుర్షా పెట్టావని అడిగితే ఇంకా పెట్టలేదన్నాను. ఆవిడ చూస్తుండగానే అట్టు ముక్కలో ముద్ద చుట్టి మా అమ్మ నోట్లో పెట్టాను. అమ్మ నమిలి, "కారం సరిపోయింది, ఇంకోటి పెట్టు" అంది.