అప్‌డేట్: చెయ్యి లేస్తోంది, తిమ్మిరి మాత్రం పోలేదు

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయినా ఎడమ చెయ్యి లేవట్లేదు, అరికాళ్లు తిమ్మిరి, మామూలు మనిషినెప్పుడవుతానని మూడు నెలల కింద అడిగినదాన్ని నేనే.

చెయ్యి చాలా నయం. ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు రోజూ గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను పైకి పాకిస్తున్నా. ఎంత ఎత్తు అందిందో మా పాప పెన్సిల్‌తో గీత పెడుతుంది. మొన్న క్యాలెండర్ మేకు అందింది! చంకలో లింఫ్ గ్రంథులు తీశారు కదా, సాయంత్రానికి కొంచెం వాపు వస్తుంది. అందుకే ఆ చేతికి స్లీవ్ (వాపును అదిమిపెట్టే బిగుతు తొడుగు) వేసుకుంటున్నా. బీపీ చూడటం, సూదులు కుడి చేతికే.

తిమ్మిరి అలాగే ఉంది. కీమో మందుకు నరాలు దెబ్బతిన్నాయట, నెలలు పడుతుందన్నారు. ఒకరోజు కాలి చెప్పు ఊడిపోయినా తెలియక వీధి చివరిదాకా పోయిన. నవ్వాలో ఏడవాలో! స్నానం నీళ్ల వేడి మోచేత్తో చూసుకుంటున్నా.

నీరసానికి, బరువు పనులన్నీ పొద్దున్నే ముగించుకోమని అప్పుడు ఇక్కడ చెప్పిన అక్కకు థాంక్స్, అదే పనిచేసింది. భద్రకాళి చెరువు కట్ట మీద నడక పది నిమిషాల నుంచి అరగంటకు వచ్చింది.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర చప్పట్లు కొడుతూ రెండు చుట్లు తిరిగిన. మూడో చుట్టుకు కూలబడితే వదిన సత్తుపిండి చేతిలో పెట్టింది.