ప్రవేశ పరీక్షకు చదివే భార్యకు ఇంటి పని నుంచి పూర్తి మినహాయింపు ఉండాలా?

తొలిమెట్టు: పెళ్లయిన తరువాత వైద్య విద్య ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతున్నాను. చదువుకోమని నా భర్త మనస్ఫూర్తిగానే అన్నారు, పుస్తకాలు కూడా ఆయనే తెచ్చారు. అయితే ఆయన ఉద్యోగానికి బయలుదేరేలోగా వంట, బయలుదేరాక గిన్నెలు, బట్టలు, మధ్యాహ్నం ఎవరో ఒకరు రావడం, సాయంత్రం మళ్లీ వంట; ఇవన్నీ పోగా మిగిలిన ముక్కల్లోనే చదువు సాగుతోంది. సింకు పైన గోడకు క్రెబ్స్ వలయం (కణంలో శక్తి తయారయ్యే రసాయన చర్యల చక్రం) బొమ్మను ప్లాస్టిక్ కవరులో పెట్టి అతికించాను. నీళ్లు లోపలికి చేరి, ఆ చక్రంలోని సక్సినేట్ అనే పదార్థం పేరు ఉన్న చోట సిరా అలుక్కుపోయింది, నమూనా పరీక్ష రాసేటప్పుడు సరిగ్గా ఆ పేరే గుర్తుకు రావడం లేదు. పరీక్ష ముగిసే వరకు ఇంటి పని నుంచి నన్ను పూర్తిగా తప్పించమని అడగడం న్యాయమేనా, లేక అత్యాశా? నిష్పక్షపాతంగా చెప్పగలరు.

లెక్కతేలాలి: అడగడంలో తప్పు లేదు గాని, ఆ అవసరమే లేదని నా అభిప్రాయం. చదివినదాన్ని మనిషి ఎంత వేగంగా మరిచిపోతాడో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకొని 1885లోనే రాశాడు. విరామం ఇచ్చి మళ్లీ చదివితే తక్కువ శ్రమతో నిలుస్తుందని కూడా ఆయనే చూపాడు. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత ముందున్నారు; వారం తరువాత మాత్రం పుస్తకం మూసి గుర్తు చేసుకొన్నవారే ముందున్నారు. అంటే గిన్నెలు కడుగుతూ వలయాన్ని మనసులో తిప్పుకోవడం చదువు కాకపోలేదు, అదే అసలైన చదువు. మీకు కావలసింది ఖాళీ రోజు కాదు, పద్ధతి.

ఎదురుగాలి: లెక్కతేలాలి గారు, గిన్నెలు కడుగుతూ జీవశాస్త్రం వల్లె వేయవచ్చునని ఒప్పుకొందాం. భౌతికశాస్త్రంలో ఒక లెక్క సగంలో ఉండగా తలుపు కొడితే, తిరిగి వచ్చి దాన్ని మొదటి నుంచి మొదలుపెట్టాలి కదా? మూడు గంటల నమూనా పరీక్షను ముక్కలు చేసి రాస్తే అది పరీక్ష అవుతుందా? ముక్కల సమయంతో సరిపెట్టుకోమని సలహా ఇచ్చేవారు తమ చదువు రోజుల్లో ఎవరి వంట తిన్నారో ముందు చెప్పాలి.

లెక్కతేలాలి: నా వంట సంగతి ఇక్కడ అప్రస్తుతం. మూడు గంటలు కదలకుండా కూర్చోవడం పరీక్ష దగ్గర పడినప్పుడు అలవాటు చేసుకోవలసిన విషయం, ఏడాది పొడవునా కాదు.

అరనిద్ర: దయచేసి నిద్ర తగ్గించుకొని సమయం సంపాదించుకోవద్దు. పెద్దలకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలని అమెరికాలోని నిద్రా వైద్యుల, నిద్రా పరిశోధకుల సంఘాలు 2015లో ఉమ్మడిగా సూచించాయి.

పాతసంచి: నేను రెండో వైపు నుంచి మాట్లాడతాను. నా భార్య చదివినన్నాళ్లూ వంట, బజారు, పిల్లవాడి స్నానం, వాడి జ్వరాలు అన్నీ ఉద్యోగం చేస్తూ నేనే చూశాను. పూర్తి మినహాయింపు అంటే ఏమిటో నాకు తెలుసు. ఆమెకు సీటు వచ్చిన రోజున ఇంటికి వచ్చినవారంతా ఆమె పట్టుదలను మెచ్చుకొన్నారు; వారికి టీ కలిపి ఇచ్చినవాడిని నేను. ఇప్పుడు ఇంటి విషయం ఏదైనా అడిగితే నీకు అర్థం కాదులే అంటుంది. పూర్తిగా తప్పించమని అడిగే ముందు, మిగిలిన ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో తొలిమెట్టు గారు ఆలోచించాలి.

ఎదురుగాలి: మీ ఇంటి విషయం విన్నందుకు బాధగానే ఉంది గాని, అది తొలిమెట్టు గారు అడిగిన ప్రశ్నకు సాక్ష్యం కాదు. ఇదే పని తరతరాలుగా భార్యలు చేసి భర్తలను చదివించినప్పుడు ఎవరూ లెక్క రాసుకోలేదు. కాదంబినీ గంగూలీ 1883లో పెళ్లి చేసుకొని, ఆ తరువాతే కలకత్తా వైద్య కళాశాలలో చదివి 1886లో పట్టా పొందింది. పక్కన నిలబడే భర్త ఉంటే సాధ్యమేనని అప్పుడే తేలింది.

లెక్కతేలాలి: ఉదాహరణలు తీస్తే రెండు వైపులా దొరుకుతాయి. అదే 1886లో అమెరికాలో పట్టా పొందిన ఆనందీబాయి జోషీని చదివించినదీ భర్తే. చిన్న వయసులో ఆయన తనను కర్రముక్కలతో కొట్టిన సంగతి ఆమె స్వయంగా ఆయనకు రాసిన లేఖలో ఉంది. మరుసటి ఏడాది ఇరవై రెండు నిండకుండానే ఆమె చనిపోయింది. భర్త తోడ్పాటు అన్న ఒక్క మాట కింద ఇద్దరినీ కలపకూడదు. ఇక మూడు గంటల పరీక్ష విషయానికి వస్తే...

రాత్రిడ్యూటీ: నేను ఆసుపత్రిలో రెసిడెంటుగా, అంటే శిక్షణలో ఉన్న డాక్టరుగా పని చేస్తున్నాను, నాకూ పెళ్లయింది. మీరంతా ఒక్క ఏడాది గురించి కొట్లాడుకొంటున్నారు, కాని అన్నిటికన్నా తేలికైన ఏడాది ఇదే. కళాశాలలో చేరాక శరీర నిర్మాణ శాస్త్రంతో మొదలై వార్డులు, ఇంటర్న్‌షిప్, రాత్రి విధులు, ఆపై మరో ప్రవేశ పరీక్ష వరుసగా వస్తాయి. రెసిడెంట్ల పనివేళలకు అమెరికాలో 2003లో పరిమితి పెడితే, ఆ పరిమితి కూడా వారానికి సగటున 80 గంటలు. ఇప్పుడు ఒక ఏడాదికి మినహాయింపు అని అడిగితే వచ్చే ఏడాది మళ్లీ అడగాలి, ప్రతిసారీ బతిమాలాలి. ఎవరు ఏ పని చేస్తారో ఎంతకాలమైనా నిలిచే ఏర్పాటు ఒకటి చేసుకోవడం మేలు.

పాతసంచి: ఎదురుగాలి గారు లెక్క రాసుకోవడం అన్నారు. అవును, రాసుకొన్నాను. రాత్రి పదింటికి పిల్లవాడిని భుజాన వేసుకొని, చప్పుడైతే ఆమె చదువు చెడుతుందని వీధిలో తిరిగినవాడిని నేను. మీకు అది సాక్ష్యంగా కనిపించకపోతే మీతో వాదించి లాభం లేదు.

ఎదురుగాలి: మీకు కావలసింది ఆమె చదువు కాదు, రసీదు!

పాతసంచి: రసీదు కాదండీ, మనిషినని గుర్తించడం. సీటు ఆమెది, శ్రమ ఇద్దరిది. ఆ మాట ఆమె ఒక్కసారి నలుగురిలో అని ఉంటే ఈ రోజు ఇక్కడ ఇలా రాసేవాడినే కాను. మీరు మాత్రం చదివేవారికి అన్నీ హక్కులుగా రావాలంటారు, మోసేవారి పేరు ఎత్తితే రసీదు అంటారు.

ఎదురుగాలి: నేను అలా అనను. సీటు రాకముందు చదివే చదువును ఎవరూ పనిగా లెక్కించరన్నదే నా కోపం. నేను రెండుసార్లు రాసి వదిలేశాను. ఆ రోజులను మా ఇంట్లో ఇప్పటికీ 'ఖాళీగా ఉన్న రోజులు' అంటారు. ఫలితం వస్తే త్యాగం, రాకపోతే కాలక్షేపం. మీ భార్యకు సీటు వచ్చింది కాబట్టి మీ శ్రమ గురించి మాట్లాడుకొంటున్నాం. రాకపోయి ఉంటే ఆమెను మీరేమనేవారు?

పాతసంచి: తెలియదు. ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

తొలిమెట్టు: అందరి సమాధానాలూ చదివాను. నేను ప్రశ్నను సరిగా పెట్టలేదేమో అనిపిస్తోంది. గిన్నెలు నాకు పెద్ద బరువు కావు. పోయిన వారం ఆయన స్నేహితుడు వచ్చి, మీ ఆవిడ ఏం చేస్తున్నారని అడిగితే, ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటోంది అన్నారు. పక్క గదిలో పుస్తకం తెరిచి కూర్చొని ఆ మాట విన్నాను. ఆ తరువాతే పని మొత్తం మానేయాలన్న ఆలోచన వచ్చింది. సీటు రాకపోతే మళ్లీ రాయవచ్చా లేదా అన్నది కూడా మా మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. ముందు ఆ రెండూ అడుగుతాను. ఆదివారం ఉదయం మూడు గంటలు తలుపు వేసుకొని నమూనా పరీక్ష రాస్తానని, ఆ పూట వంట ఆయనదేనని కూడా చెబుతాను.

రాత్రిడ్యూటీ: ఆ స్నేహితుడి ముందు అన్న మాట సంగతే మొదట అడగండి. వంట సంగతి ఆ వెనక దానంతటదే తేలుతుంది.

లెక్కతేలాలి: అంతా బాగానే ఉంది. కాని మూడు గంటల పరీక్షను ప్రతి ఆదివారం రాయాలా, చివరి రెండు నెలల్లో రాస్తే చాలదా అన్న నా ప్రశ్నకు ఎదురుగాలి గారు ఇంకా సమాధానం ఇవ్వలేదు.