బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లో అంధుల ఫుట్‌బాల్ ప్రాక్టీస్ కుదురుతుందా? అంతర్జాతీయ కొలతలు కావాలి

పీఈటీ మాస్టారు:

పూర్తిగా చూపు లేని అమ్మాయిలు ఆరుగురు, కొద్దిగా చూపున్న వాళ్లు ఇద్దరు ఉన్నారు. 2025 అక్టోబర్‌లో కొచ్చిలో మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగిన దగ్గర్నుంచి ఫుట్‌బాల్ నేర్పమంటున్నారు. మొదటి నుంచీ అంతర్జాతీయ పద్ధతిలోనే నేర్పాలని ఉంది. దగ్గర్లో బాక్స్ క్రికెట్ టర్ఫ్ ఒకటుంది. చుట్టూ నెట్, పైన రేకులు. అది పనికొస్తుందా? పక్కన బోర్డులు తప్పనిసరా? నెట్ సరిపోదా? మామూలు ఐదో నంబర్ బంతిలో గజ్జెలు వేసి కుట్టిస్తే చాలా? ఆటలో ఎవరు మాట్లాడొచ్చు, ఎవరు మాట్లాడకూడదు?

గజ్జెల బంతి:

పైన రేకులుంటే ఆ టర్ఫ్ వదిలేయండి సార్. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆరుబయటే ఆడిస్తారు. పారిస్ 2024 పారాలింపిక్స్‌లో ఈఫిల్ టవర్ కింద వేసిన మైదానం కూడా పైన కప్పు లేనిదే. రేకుల కింద ఒక్కో చప్పుడూ రెండుసార్లు వినిపిస్తుంది. బంతి ఎడమ పక్కన గలగలమంటుంటే కుడివైపు నుంచి కూడా వచ్చినట్టుంటుంది. పిల్లలు తప్పు దిక్కుకి తిరుగుతారు, మీరేమో వాళ్లకి వినడం రాదనుకుంటారు. కప్పులేని టర్ఫ్ దొరక్కపోతే మామూలు మట్టి గ్రౌండే నయం.

నెట్ సరిపోదు. నెట్‌కి తగిలిన బంతి చప్పుడు లేకుండా అక్కడే ఆగిపోతుంది. ఆగిన బంతికి శబ్దం ఉండదు, ఇక దాన్ని వెతుక్కోవడమే. బోర్డుకైతే ఠప్‌మని తగిలి వెనక్కొస్తుంది. ఎక్కడ తగిలిందో ఆ చప్పుడే చెబుతుంది. పైగా బోర్డు వల్ల పక్క గీత దాటి బంతి బయటికి పోదు, ఆట తెగదు. ఆడేవాళ్లు బోర్డు పక్కనే బంతి తీసుకెళ్తూ, దాన్నుంచి వచ్చే ధ్వనిని బట్టి గీత ఎంత దూరముందో పోల్చుకుంటారు.

కొలతలు: మైదానం 40 × 20 మీటర్లు (పొడవులో, వెడల్పులో రెండేసి మీటర్లు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు). బోర్డులు రెండు పొడవు పక్కలకే. ఎత్తు 1 నుంచి 1.3 మీటర్లు. గోల్ లైన్ దాటాక కూడా రెండు చివర్లా మరో మీటరు ఉండాలి. అంటే ఒక్కో పక్క 42 మీటర్లు. 8×4 ప్లైవుడ్ షీటుని పొడవు అంచు మీద నిలబెడితే ఎత్తు 1.22 మీటర్లు వస్తుంది, కోత అక్కర్లేదు. పొడవు 2.44 కాబట్టి పక్కకి 18, మొత్తం 36 షీట్లు. డబ్బులు చాలకపోతే రెండు పక్కలా అరకొరగా పెట్టొద్దు. ఒకే పక్క 9 షీట్లు వరసగా నిలబెట్టి, దాదాపు 22 మీటర్ల మేర బోర్డు పక్క ఆట నేర్పండి.

పలచటి ప్లై కొంటే కాలు తగిలినప్పుడల్లా డప్పులా మోగి, బంతి చప్పుడు అందులో కలిసిపోతుంది. 12 ఎంఎం తీసుకుని వెనక రెండు అడ్డ కర్రలు కొట్టించండి. ఊతకర్రలన్నీ బయటివైపే ఉండాలి. షీటుకీ షీటుకీ మధ్య సందు అస్సలు ఉండకూడదు. పిల్లలు చేత్తో బోర్డు తడుముకుంటూ పరిగెడతారు, ఆ సందులో వేళ్లు ఇరుక్కుంటాయి. పై అంచుకి ఫోమ్ చుట్టి టేపు వేయండి. ప్రతి ప్రాక్టీసుకీ ముందు ఒకసారి బోర్డుల వెంట చేయి వేసుకుంటూ నడవండి. వదులైన బోర్డు గాలికి కటకటలాడితే ఎదుటి జట్టు గైడ్ (గోల్ వెనక నిలబడి దారి చెప్పే మనిషి) అరుపు కన్నా ఎక్కువ చెడగొడుతుంది.

బంతి సంగతి. మామూలు బంతిలో గజ్జెలు పోసి కుట్టిస్తే అవన్నీ అడుగున ఒకచోట చేరతాయి. బరువు ఒకవైపై బంతి వంకరగా పోతుంది. గాలిలో ఉన్నప్పుడో, ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నప్పుడో చప్పుడే రాదు. అసలు బంతిలో శబ్దం చేసే బిళ్లలు లోపలి గోడకే అమర్చి ఉంటాయి. చుట్టుకొలత 60–62 సెం.మీ., బరువు 510–540 గ్రాములు. అంటే పెద్ద బంతి కన్నా చిన్నది, అయినా బరువెక్కువ. గాలి 0.4–0.6 అట్మాస్ఫియర్లు, పంపు మీటరులో సుమారు 6 నుంచి 8.5 పీఎస్‌ఐ. సైకిల్ షాపులో గట్టిగా కొట్టించారో, బంతి ఎగిరెగిరి పడుతుంది, పాదం దగ్గర నిలవదు. అసలు బంతి వచ్చేదాకా మామూలు బంతికి పలచటి పాలిథిన్ కవర్ చుట్టి ముడేయండి. నేల మీద గరగరమని వినిపిస్తుంది. పాసింగ్ నేర్పడానికి చాలు.

గోల్ 3 × 2 మీటర్లు, ఫుట్‌సల్ (ఐదుగురేసి ఆడే ఇండోర్ ఫుట్‌బాల్) గోల్ పెట్టేయొచ్చు.

ఆరు మీటర్లు:

పైన అన్నీ బాగా చెప్పారు గానీ గోల్ కొలత పాతది. ఇప్పుడు 3.66 × 2.14 మీటర్లు. పాత సైజుతో అలవాటు చేస్తే కీపర్‌కే నష్టం. అరవై ఆరు సెంటీమీటర్ల వెడల్పు తేడా డైవ్‌లో తెలుస్తుంది.

కీపర్ గీత కూడా సరిగ్గా వేయండి: వెడల్పు 5.82, లోతు 2 మీటర్లు. కీపర్‌కి చూపుంటుంది కాబట్టి ఆ డబ్బా దాటి బయట బంతి ముట్టకూడదు. పెనాల్టీ ఏరియాకి రెండు గోల్ స్తంభాల నుంచీ 6 మీటర్ల వ్యాసార్థంతో పావు వృత్తాలు. పెనాల్టీ చుక్క 6 మీటర్ల దగ్గర. లెక్కకు మించి ఫౌళ్లు చేస్తే ఎదుటివాళ్లకి వచ్చే కిక్ 8 మీటర్ల దగ్గర్నుంచి.

వెనక గైడు:

మాటల గురించి చెబుతాను. మ్యాచ్‌లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

మైదానాన్ని పొడవునా 12, 16, 12 మీటర్లుగా మూడు భాగాలు చేస్తారు. బోర్డుల మీద ఆ గుర్తులు వేయండి. మన గోల్ ముందు 12 మీటర్లలో కీపర్ మాట్లాడతాడు. మధ్య 16లో కోచ్. ఎదుటి గోల్ ముందు 12లో, ఆ గోల్ వెనక నిలబడిన గైడ్. బంతి తన భాగంలో లేనప్పుడు మిగతా ఇద్దరూ నోరెత్తకూడదు. కొత్తవాళ్లకి ఇదే కష్టం. ముగ్గురూ ఒకేసారి అరిస్తే అమ్మాయి కాలి దగ్గరున్న బంతి చప్పుడే వినపడదు.

ఐదారు మాటలే ఖాయం చేసుకోండి. ముందు పేరు, తర్వాత దిక్కు, తర్వాత దూరం. "లక్ష్మీ, ఎడమ, ఎనిమిది." అంతే. "కొంచెం అటు జరుగమ్మా" అంటే ఆ అమ్మాయికి ఏమీ చెప్పనట్టే. "వెనక", "వెనక్కి" రెండూ వాడొద్దు. ఒకటి మనిషి వెనక ఉన్నాడని, ఇంకోటి తిరిగి రమ్మని. పరుగులో ఆ తేడా అందదు.

పెనాల్టీకి ముందు గైడ్ ఒక స్తంభాన్ని, తర్వాత రెండోదాన్ని లోహపు ముక్కతో టంగ్ టంగ్‌మని కొడతాడు. కొట్టే అమ్మాయి ఆ రెండు చప్పుళ్ల మధ్య దూరం విని కాలు సర్దుకుంటుంది. మొదటి చప్పుడికీ రెండోదానికీ మధ్య ఒక్క క్షణం ఆగండి. గబగబా కొడితే రెండూ ఒకటే అయిపోతాయి. పారిస్ ఫైనల్‌లో ఫ్రాన్స్, అర్జెంటీనా 1–1తో ఆగితే ఫ్రాన్స్ గెలిచింది పెనాల్టీల్లోనే, 3–2. 2004 ఏథెన్స్ నుంచి టోక్యో దాకా వరసగా ఐదు స్వర్ణాలు కొట్టిన బ్రెజిల్ పారిస్ సెమీస్‌లో ఓడింది కూడా పెనాల్టీల్లోనే. అందుకని వారానికి ఒక పూట దీనికే కేటాయించండి.

బంతి కోసం వెళ్లే ప్రతి డిఫెండరూ "వోయ్" అని పైకి అనాలి. స్పానిష్‌లో "వెళ్తున్నా" అని అర్థం. "గో" అన్నా, అలాంటి ఇంకో మాటన్నా సరే, స్పష్టంగా వినపడాలి. అనకుండా మీదికెళ్తే ఫౌల్. తలలు ఢీకొనకుండా ఉండటానికే ఈ నియమం.

పీఈటీ మాస్టారు:

చాలా థ్యాంక్సండీ. రెండు సందేహాలు. మన పిల్లలు ఒకళ్లనొకళ్లు "ఓయ్" అనే పిలుచుకుంటారు. "వోయ్" పెడితే గందరగోళం కాదా? కొద్దిగా చూపున్న ఇద్దరికీ గంతలు కట్టి ఆడించొచ్చా?

వెనక గైడు:

అవుతుంది. మైదానంలో "ఓయ్" పిలుపు పూర్తిగా నిషేధించండి, పేర్లతోనే పిలుచుకోవాలి. "వోయ్" ఒక్కసారి కాదు, బంతి దగ్గరికి చేరేదాకా అంటూనే ఉండాలి. మొదటి వారం బంతి లేకుండా, ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా నడిపిస్తూ ఇది ఒక్కటే చేయించండి.

గజ్జెల బంతి:

గోల్ కొలత సరిదిద్దినందుకు ధన్యవాదాలు, నేను పాత పుస్తకం పట్టుకుని ఉన్నాను.

చూపు సంగతి: సౌండ్ బంతితో ఆడే ఈ ఆటలో కీపర్ కాకుండా మిగతా నలుగురూ బీ1 తరగతి వాళ్లే అయుండాలి. అంటే చూపు లాగ్‌మార్ కొలతలో 2.60 కన్నా అధ్వానం (ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు). వెలుతురు మాత్రం తెలిసేవాళ్లు ఇందులోకే వస్తారు. అందుకే అందరికీ కళ్ల మీద అంటించే ప్యాచీలు, వాటి మీద గంతలు. అప్పుడే అందరూ సమానం. మీ ఇద్దరూ బీ2, బీ3 (కొద్దిగా చూపున్నవాళ్ల తరగతులు) అయితే గంతలు కట్టి ప్రాక్టీసులో దింపొచ్చు గానీ, అంతర్జాతీయ పోటీలో బీ1 స్థానంలో ఆడనివ్వరు. వాళ్లని కీపర్లుగా తయారుచేయండి. అంతర్జాతీయ జట్టులో 8 మంది ఆటగాళ్లు, ఇద్దరు కీపర్లు. మీకు ఇద్దరు కీపర్లు ఉన్నట్టే, ఇంకో ఇద్దరు బీ1 అమ్మాయిలు దొరికితే జట్టు నిండుతుంది.

మన ఎండలకి ప్యాచీలు చెమటతో అంచుల దగ్గర లేచిపోతాయి. ముఖం తుడిచి, ఆరాకే అంటించండి, సగం ఆటలో మార్చండి. గంత ముట్టుకుంటే ఫౌల్, కాబట్టి సర్దుకోవాలంటే రిఫరీని అడిగే అలవాటు ఇప్పట్నుంచే చేయండి. నుదుటికి మెత్తటి బ్యాండ్ మర్చిపోవద్దు.

ఇంకోటి, చూడ్డానికి వచ్చినవాళ్లకి ముందే చెప్పండి. బంతి ఆటలో ఉన్నంతసేపూ చప్పట్లు కూడా వద్దు, ఫోన్లు సైలెంట్‌లో. గోల్ పడ్డాక ఎంత అరిచినా పర్లేదు.