దౌ అంటే తమరా, నువ్వా?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. మేం ఉండేది టెక్సాస్‌లో. హ్యూస్టన్‌కు వాయవ్యాన టాడ్ మిషన్ అనే చిన్న ఊళ్లో 1974లో మొదలైన రినైసాన్స్ ఫెస్టివల్ ఉంది. 16వ శతాబ్దపు ఇంగ్లండు పల్లెలా ఊరంతా వేషం కడుతుంది. రాజూ రాణీ ఊరేగుతారు, కమ్మరి కొలిమి ఊదుతుంటాడు, గుర్రాల మీద ఈటెల పోటీ నడుస్తుంది. అలాంటి సంతలో జరిగే డిటెక్టివ్ కథ ఒకటి తెలుగులో రాస్తున్నాను. హత్యలు లేవు. రొట్టెల పోటీకి పెట్టిన వెండి కప్పు మాయమవుతుంది, ఊరి లైబ్రేరియన్ కూపీ లాగుతుంది. ఈ రకం కథల్ని ఇక్కడ కోజీ మిస్టరీ అంటారు.

సంతలో వేషగాళ్లు మాటకు ముందు ‘దౌ’ (thou), ‘దీ’ (thee) అని పాతకాలపు ఇంగ్లీషు సర్వనామాలు వాడుతుంటారు. నేను వాటిని ‘తమరు’ చేసి, ‘విచ్చేయుడు’, ‘సెలవిండు’ అని రాశాను. మా మామయ్యగారు చదివి, ‘కప్పు పోయిన కథా, కిరీటం పోయిన నాటకమా?’ అన్నారు. ఏం చేయమంటారు? ఇంకో చిక్కు కూడా ఉంది. ‘దొంగ వచ్చాడు’ అని రాసేసరికి కథలోని ఆడవాళ్లందరి మీదా అనుమానం తీరిపోతోంది!

జవాబు:
మామయ్యగారి చెవి మంచిది. ‘దౌ’ తమరు కాదండీ, అచ్చంగా నువ్వు. ‘యూ’ అనేదే ఒకప్పుడు బహువచనం. పెద్దవాళ్లను బహువచనంతో పిలిచే మర్యాద ముదిరి, చివరికి అందరికీ ‘యూ’ మిగిలింది, దౌ వాడుక నుంచి జారిపోయింది. మన ‘మీరు’ నడిచిందీ ఆ దారినే, కాకపోతే మనం ‘నువ్వు’ను పోగొట్టుకోలేదు.

1603లో ఇంగ్లండులో వాల్టర్ రాలీ అనే పేరున్న ఆస్థానికుడి మీద రాజద్రోహం విచారణ జరిగింది. ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో ఆయన్ను ‘దౌ’ అన్నాడు. అన్నది చాలక, నిన్ను దౌ అనే అంటాను ద్రోహీ అని చెప్పి మరీ అన్నాడు. ఆ మాటలో దౌ క్రియాపదం కూడా అయింది. మన పత్రికల్లో ‘అధికారిని ఏకవచనంతో సంబోధించిన నాయకుడు’ అని వార్త వస్తుందే, అచ్చం ఆ అవమానమే. దాన్ని ‘తమరు’ అని అనువదిస్తే తిట్టు కాస్తా దండం అయిపోతుంది.

మరి దౌ వినగానే గంభీరంగా ఎందుకు ఉంటుందంటారా? 1611 నాటి బైబిలు అనువాదం వల్ల, ప్రార్థనల వల్ల. జనం ఇంట్లో దౌ మానేశాక అది ప్రార్థనలో మిగిలింది, అక్కడి గౌరవం దానికి అంటుకుంది. దేవుణ్ణి ‘నువ్వు’ అనడం చనువు. మన కీర్తనకారులు రాముణ్ణి నిలదీసిందీ ఏకవచనంలోనే కదా.

ఇక సంతలో మీరు వినేది 1600 నాటి భాష కానే కాదు. ఈ సంతలు మొదలైందే 1963లో, కాలిఫోర్నియాలో, ఒక రేడియో స్టేషన్ కోసం విరాళాలు పోగుచేయడానికి. వేషగాళ్లలో చాలామంది ప్రతి క్రియకూ ‘ఎత్’ తగిలిస్తారు. ‘దౌ గోయెత్’ అంటారు. ఆ ఎత్ ప్రథమ పురుషది, అంటే అతను, ఆమె, అది అనేవాటికి చేరేది. దౌకు చేరాల్సింది ‘ఎస్ట్’. ‘దౌ గోయెత్’ అన్నవాడు తెలుగులో ‘నువ్వు వెళ్తాడు’ అన్నట్టే. మీ కథలో పండితుడి వేషంలో దొంగపండితుడు ఎవరైనా ఉంటే వాణ్ణి ఇక్కడ పట్టించండి. ‘నీవు వచ్చితివి’ అనాల్సిన చోట ‘నీవు వచ్చెను’ అనిపిస్తే తెలుగు పాఠకుడికి వెంటనే దొరికిపోతాడు.

ఇంకొకరు:
దుకాణాల మీద ‘యీ ఓల్డ్’ (Ye Olde) అని బోర్డులుంటాయి. ఆ ‘యీ’ కూడా ‘మీరు’ అనేదేనా?

జవాబు:
కాదండీ. బహువచనపు ‘యీ’ వేరే ఉంది. బోర్డు మీదిది ‘ది’ (the) మాత్రమే, పలకాల్సిందీ అలాగే. పాత ఇంగ్లీషులో ఇప్పటి ‘th’ ధ్వనికి ‘థార్న్’ అనే అక్షరం ఉండేది. లేఖకుల చేతిరాతలో అది పోను పోను వై ఆకారంలోకి వచ్చింది. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో మొదటి ముద్రణాలయం పెట్టిన తర్వాత, యూరప్ ఖండం నుంచి వచ్చిన అచ్చు దిమ్మల్లో థార్న్ లేదు కాబట్టి ముద్రాపకులు వై పెట్టి సరిపుచ్చుకున్నారు. దాన్ని ‘యీ’ అని చదవడం తర్వాతివాళ్ల చలవ.

మన దగ్గర దీనికి సాటి బండి ఱ. చెఱువు, గుఱ్ఱము, ఱెక్క అని రాస్తే పాత వాసన వస్తుంది, తప్పూ కాదు. కానీ పాతదనం కోసం ‘ఱాజు’ అని రాశారనుకోండి, పెట్టింది ముసుగేనని తేలిపోతుంది. రాజు సంస్కృతం నుంచి వచ్చిన మాట, సంస్కృతంలో ఆ అక్షరమే లేదు. ‘మా ముత్తాతల నాటి దానపత్రం’ అని ఎవరైనా తెచ్చిన కాగితంలో ‘ఱాజు’ కనబడితే కథ సగం తేలినట్టే. ఇది టెక్సాస్ కథకు పనికిరాదు గానీ, ఇక్కడెవరైనా జాతర నేపథ్యంలో రాస్తానంటే వాడుకోండి, నాకేమీ వాటా వద్దు.

దొంగ ఆడా మగా అన్న చిక్కు అసలు సిసలైనది. ‘దొంగ’ మాటకు లింగం లేదు, బయటపెట్టేది క్రియే. వచ్చాడు అంటే మగ, వచ్చింది అంటే ఆడ. ‘వచ్చారు’ అంటే చెల్లుతుంది, కానీ ప్రతి వాక్యంలో దొంగను గౌరవిస్తే పాఠకుడికి మరో అనుమానం పుడుతుంది. మనిషిని తప్పించి పనిని ముందుకు తెండి. ‘తాళం తీసి ఉంది. గుడ్డ మడత చెదరలేదు. కప్పు లేదు.’ ఎవరు అన్న ప్రశ్నే రాదు.

ఇంగ్లీషువాళ్లకు దక్కని ఒక సదుపాయం మనకుంది. ‘మెల్లగా లోపలికి వచ్చింది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. పాల గిన్నె దగ్గర ఆగింది.’ పాఠకుడు పిల్లి అనుకుంటాడు. కర్త చెప్పక్కర్లేదు, ఆడమనిషికీ పిల్లికీ క్రియ ఒక్కటే. ఆడవాళ్లను పిల్లితో జతకట్టిన ఈ వ్యాకరణం మీద నాకు వేరే ఫిర్యాదు ఉంది, అది మరో రోజు.

ఇంకొకరు:
అయితే సంతలో అందరిచేతా ‘నువ్వు’ అనిపించాలా? రొట్టెలమ్మే ఆవిడ రాణిని నువ్వంటుందా?

జవాబు:
అనకూడదు. ఆ కాలంలో అంటే వీపు విమానం మోత మోగేది. పైవాళ్లకు ‘మీరు’, తోటివాళ్లకు ‘నువ్వు’, కోపం వస్తే పైవాడికీ ‘నువ్వు’. ‘తమరు’ రాజభటుడికి ఒక్కడికి వదిలేయండి, అతిగా నటించేవాడికి బాగుంటుంది. డిటెక్టివ్ కథకు పనికొచ్చేది ఈ మీరు, నువ్వు మధ్య గీతే. ఇద్దరు ముక్కూ మొహం తెలియనివాళ్లలా నటిస్తూ, హడావిడిలో ఒకరు ‘నువ్వు’ అనేస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు:
నాలుగో అధ్యాయం తిరగరాశాను. రొట్టెలావిడకూ జమీందారు వేషం వేసినాయనకూ అంతకుముందు పరిచయం లేదని ఇద్దరూ చెప్పి ఉంటారు. వాన మొదలవుతుంది, డేరా కూలబోతుంది.

‘ఏమయ్యా, మీరు ఆ గుంజ పట్టుకోండి!’ అందావిడ. గుంజ చేజారింది. ‘అటు కాదు, నువ్వెప్పుడూ ఇంతే!’

లైబ్రేరియన్ గొడుగు ముడిచి ఆవిడ వైపు చూసింది.

జవాబు:
‘నువ్వెప్పుడూ ఇంతే’ బాగా కుదిరింది, ‘ఎప్పుడూ’లో ఏళ్ల పరిచయం ఉంది. ఒక్క సవరణ. ‘ఏమయ్యా’ తీసేయండి. అది ‘మీరు’తో పొసగదు, నువ్వు చెంతకు వెళ్లే పిలుపు. ముందే అది పడితే దొంగతనం మొదటి వాక్యంలోనే బయటపడుతుంది. ‘ఏమండీ’ కూడా వద్దు, తెలుగు పాఠకుడు వాళ్లిద్దరికీ పెళ్లి చేసేస్తాడు. ‘దొరగారూ’ అనిపించండి.