చేర్యాల పటాన్ని మ్యూజియంలో ఎలా చూపాలి?

ప్రశ్న: మా ప్రాంతపు మ్యూజియంలో చేర్యాల పటాన్ని, అంటే కథను గడులు గడులుగా బొమ్మల్లో గీసిన తెలంగాణ గుడ్డ చుట్టను, గాజు పెట్టెలో సగం చుట్టి ఉంచారు. కథ చెప్పేవారు లేక, అది సందర్శకులకు వట్టి ఎర్రని గుడ్డగానే కనిపిస్తోంది. సరైన పద్ధతి ఏమిటి?

సమాధానం: చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన గుడ్డ కనుక పదేపదే చుట్టి విప్పితే రంగు పెచ్చులూడుతుంది. అందువల్ల అసలు పటాన్ని మసక వెలుతురులో భద్రపరచి, నకలును గడి గడిగా విప్పుతూ గాయకుల రికార్డింగును వినిపించడం మేలు.

మరో సమాధానం: కథ ఎవరిదో కూడా ఫలకంపై రాయాలి. మార్కండేయ పురాణాన్ని పద్మశాలీలకు, పటం చూపుతూ కథ పాడే కూనపులివారు చెబుతారన్న ఒక్క వాక్యం చాలు, పటం వెనుక ఉన్న ఊరంతా కళ్ల ముందు నిలుస్తుంది.

ఇంకొకరు: తోలుబొమ్మలదీ ఇదే అవస్థ. పలుచగా గీకిన మేకతోలు బొమ్మను గోడకు బిగిస్తే మొద్దుగా, నల్లగా కనిపిస్తుంది; వెనుక దీపం ఉంటేనే చిల్లులతో తీర్చిన నగలు మెరుస్తాయి.