భూమిలో పైపు లీకు శబ్దంతో దొరుకుతుందా?

నీటిచుక్క: కుళాయిలన్నీ కట్టేసినా మీటరు ముల్లు మెల్లగా తిరుగుతూనే ఉంది, పైన ఎక్కడా తడి లేదు. మీటరు నుంచి ఇంటిదాకా పైపు కాంక్రీటు కింద పోయింది, మీటరు వైపు సగం ఇనుము, ఇంటి వైపు సగం పీవీసీ. అంతా పగలగొట్టాలంటే టెన్షన్‌గా ఉంది. శబ్దం విని చోటు చెప్పేస్తారట, నిజమేనా?

పానాపట్టు: నిజమే, కానీ పైపు దేనితో చేసింది, ప్రెషర్ ఎంత అన్నదాన్ని బట్టి. సన్నటి రంధ్రంలోంచి నీళ్ళు జోరుగా చిమ్ముతుంటే పైపు అదురుతుంది, ఆ అదురు ఇనుములో చాలా దూరం పోయి సుయ్‌మని వినిపిస్తుంది. పీవీసీ గోడ మెత్తన కాబట్టి సన్నటి శబ్దాన్ని మింగేస్తుంది, మిగిలేది బొంగురు మోత, అదీ కొద్ది దూరమే. ముందు మీటరు మీద, వాల్వుల మీద లిజనింగ్ రాడ్ (చెవి పెట్టి వినే కడ్డీ) ఆనించి వినండి, తర్వాత నేలమీద పెట్టి వినే గ్రౌండ్ మైకుతో పైపు వెంబడే అడుగడుగునా. రాత్రి, ఊరు సద్దుమణిగాక.

చెవినిపెట్టు: కోరిలేటర్ అని ఇంకోటుంది. రెండు చివర్లా రెండు సెన్సర్లు పెట్టి, లీకు శబ్దం ఒకదానికంటే రెండోదానికి ఎంత ఆలస్యంగా చేరిందో లెక్క కడుతుంది. సెన్సర్ల మధ్య 100 మీటర్లు, పైపులో ధ్వని వేగం సెకనుకు 1200 మీటర్లు, తేడా 0.02 సెకన్లు అనుకోండి: 100లోంచి 24 (1200 × 0.02) తీసేసి సగం చేస్తే 38, అంటే ముందు విన్న సెన్సరుకు 38 మీటర్ల దూరంలో లీకు. కానీ మీ పైపు రెండు రకాలు, పీవీసీలో వేగం సగానికి సగం పడిపోతుంది, ఆ సంగతి యంత్రానికి చెప్పకపోతే తప్పు చోట తవ్విస్తుంది.

పానాపట్టు: అవును. ఇంకోటి, మోత ఎక్కువుంటే లీకు పెద్దదని కాదు, పెద్ద పగులు ఒక్కోసారి సన్న రంధ్రం కంటే నిశ్శబ్దంగా కారుతుంది. ఎల్బోల (పైపు మలుపుల) దగ్గర కూడా ఊరికే మోత వస్తుంది. అన్నట్టు, ఇనుమూ పీవీసీ కలిసేచోట వాల్వు ఉందా? అది కట్టి మీటరు చూడండి.

నీటిచుక్క: ఉంది, కట్టాను, ముల్లు ఆగిపోయింది! అంటే పీవీసీ వైపే కదా. మా దగ్గర ప్రెషర్ అర బార్ కూడా ఉండదు మరి.

చెవినిపెట్టు: అంత తక్కువ ప్రెషర్‌కి పీవీసీలో ఏమీ వినబడదు. ఆ ముక్క ఖాళీ చేయించి 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ కలిపిన గ్యాస్ ఎక్కించమనండి, లీకులోంచి పైకి వచ్చే హైడ్రోజన్‌ని నేలమీద డిటెక్టర్‌తో పట్టేస్తారు. కాంక్రీటు దళసరిగా ఉంటే అక్కడక్కడా చిన్న రంధ్రాలు వేయాల్సి రావచ్చు.