అక్షోహిణా, అక్షౌహిణా? దాంతోపాటు ఓ పద్దెనిమిది గొడవ

అందరికీ నమస్తే. రెండు సందేహాలు. 'అక్షోహిణి' అని రాస్తే మా మామయ్య 'క్షౌ' అని దిద్దారు. ఏది సరి? రెండోది, వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్: అక్షౌహిణిలో (భారతంలో చెప్పే పెద్ద సేనలో) రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. ఏ సంఖ్యలో అంకెలు కూడినా 18! భారతంలో పర్వాలు 18, యుద్ధం 18 రోజులు, అక్షౌహిణులు 11+7 = 18. ఇది కావాలని పెట్టిన లెక్కేనా?

— మీ మామయ్యదే ఒప్పు. మామూలుగా అయితే అ తర్వాత ఊ వస్తే ఓ రావాలి. నవ + ఊఢ = నవోఢ. కానీ ప్ర + ఊఢ మాత్రం ప్రోఢ కాదు, ప్రౌఢ. అక్ష + ఊహిని కూడా అంతే. గుణం (ఓ) రావాల్సిన చోట వృద్ధి (ఔ) వచ్చింది. సంస్కృత వ్యాకరణంలో పాణిని సూత్రం చాలక కాత్యాయనుడు దీనికోసం విడిగా ఒక వార్తికమే (సూత్రానికి చేర్పు) రాయాల్సి వచ్చింది. కాబట్టి తప్పు రాశానని మరీ ఫీలవకండి.

— లెక్క సంగతి నేను చెబుతా. అమరకోశంలో ఉంది: "ఏకేభైకరథా త్ర్యశ్వా పత్తిః పంచపదాతికా". ఒక ఏనుగు, ఒక రథం, మూడు గుర్రాలు, ఐదుగురు బంట్లు కలిస్తే పత్తి. అక్కణ్ణుంచి మూడేసి రెట్లు: సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని. పది అనీకినులు ఒక అక్షౌహిణి. నిన్న మా అమ్మాయి ఘాతాంకాల హోంవర్క్ చేస్తుంటే అదే నోట్సు వెనక పేజీలో వేసి చూశాం. 3, 9, 27, 81, 243, 729, 2187. మూడును ఏడుసార్లు గుణిస్తే అనీకిని, పక్కన సున్నా పెడితే అక్షౌహిణి. గుర్రాలకు ఇంకో మూడు ఎక్కువ, అంటే 6561 పక్కన సున్నా.

ఇన్ని మూళ్లున్న సంఖ్య తొమ్మిదితో భాగింపబడక ఎక్కడికి పోతుంది? తొమ్మిది గుణిజంలో అంకెలు కూడితే 9, 18, 27... వీటిలో ఏదో ఒకటి రావాల్సిందే. నాలుగింటికీ 18 పడటం ముచ్చటగానే ఉంది, కాదనను. కానీ మొత్తం పద్దెనిమిది అక్షౌహిణులూ కలపండి: ఒక్కోటి నాలుగు బలాలూ కలిపి 2,18,700 చొప్పున 39,36,600. అంకెలు కూడితే 27. అసలు పెద్ద సంఖ్య దగ్గరే మెసేజ్ చతికిలబడింది.

— 27 అంటే నక్షత్రాలండీ! రేపు అదీ ఫార్వర్డ్ అవుతుంది చూడండి.

— ఆ మెసేజ్ మీరు మాత్రం రాయకండి బాబూ. రాసినా 'క్షౌ' అని రాయండి.